ఈ వారం సమస్య: ఉక్కు చువ్వ నోటి యుమ్మి యయ్యె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీరే కట్టాలి. చిన్న క్లూ, ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకోండి.

పూరణ 1

మాంస మెక్కి మంట మాడెడి చువ్వను
స్పిట్టనుచును చెప్ప సీమవాడు
తెనుగు చేసి నేను తెల్లబోయితి నయ్య
ఉక్కు చువ్వ నోటి యుమ్మి యయ్యె

మాస్టారు: సీమవాడి, అంటే ఇంగ్లీషువాడి, స్పిట్‌కి మాంసం కాల్చే చువ్వ, ఉమ్మి అని రెండర్థాలు, భావం భలే పట్టావు తమ్ముడూ, స్పి-సీ యతి కూడా సరిపోయింది. కానీ మాడేది మాంసం కదా, చువ్వ కాదు, "మాంస మెక్కి తిరుగు మంటపై చువ్వను" అని మార్చి చూడు. "నయ్య" తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి కింద "యుక్కు చువ్వ" అని రాయాలి.

పూరణ 1 రాసినవాడు: మార్చేశాను మాస్టారూ. హైదరాబాద్‌లో కబాబ్ సీకులు చూస్తూ కట్టాను, అందుకే మాడడం మీదకి పోయింది మనసు.

పూరణ 2

కడలి లోని కిసుక కాకినాడకు నడ్డు
స్పిట్టు పేరుతోడ చెంత నిలిచె
నేల చువ్వ యయ్యె నీటిలో నిదె చూడ
నుక్కు చువ్వ నోటి యుమ్మి యయ్యె

మాది కాకినాడ. మా తీరం దగ్గరున్న దీవి హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతోనే ఏర్పడింది, దాదాపు 16 కిలోమీటర్ల పొడుగు, ఇలా సముద్రంలోకి సన్నగా సాగిన ఇసుక దిబ్బని కూడా స్పిట్ అనే అంటారు.

మాస్టారు: అక్కా, మూడో పాదం చదివి లేచి నిలబడ్డాను! నేల చువ్వవడం, చువ్వ ఉమ్మి అవడం, రెండూ ఒక్క మాటలోనే. సంధి కూడా చక్కగా కలిసింది. ఒక్క మాట చెప్పాలి, చువ్వ స్పిట్ పాత ఇంగ్లీషులో "స్పిటు", ఉమ్మడం "స్పిట్టన్", అవి వేరువేరు మాటలు, కాలం గడిచి ఒకేలా అయిపోయాయి. ఇసుక దిబ్బ మాత్రం చువ్వ వైపు చుట్టమే, దాని ఆకారం వల్ల.

ఇంకో సభ్యుడు: మరి బ్రోచ్ సంగతేంటి? అదీ చువ్వే కదా. నా ఎదురు సమస్య, "బ్రోచువాడె పొట్ట పొడిచినాడు", పూరణ కూడా నాదే.

ఆంగ్ల భాష లోన నర్థమే వేరయా
పాత మధువు పీప బయట పెట్టి
మేకు చేతబట్టి మెల్లగా నడుమున
బ్రోచువాడె పొట్ట పొడిచినాడు

మాస్టారు: మన బ్రోచు అంటే కాపాడు, వాళ్ళ బ్రోచ్ అంటే పీపాకి చిల్లు పెట్టు! పొట్ట పీపాది అని మూడు పాదాలు అయ్యాక తెలిసింది, సమస్యాపూరణంలో నాకు ఇష్టమైనదే ఇది. "మేకు" కంటే "ఊచ" ఇంకా బాగుండేది, అది మన చువ్వకి దగ్గర, కానీ అప్పుడు యతి మళ్ళీ చూసుకోవాలి. స్పిట్‌తో పోలిస్తే ఇది తిరగబడ్డ కథ, బ్రోచ్ ఒక్క మాటే, పాత ఫ్రెంచిలో చువ్వ అనే అర్థం నుంచి వచ్చి పీపా తెరవడం, దాన్నించి మాట కదపడం, చీరకి పెట్టే బ్రోచ్ పిన్ను, ఇలా కొమ్మలేసింది.

పూరణ 1 రాసినవాడు: నేను లేత్ మీద పని చేస్తాను మాస్టారూ, మా షాపులో కీవే, అంటే గాడి, కొట్టే పళ్ళ టూల్‌ని బ్రోచ్ అంటాం, ఒక్కో పన్నూ ముందుదానికంటే కాస్త ఎత్తుంటుంది, దాన్ని లాగితే ఇనుములో గాడి పడుతుంది, దాని మీద రేపు ఒక తేటగీతి పెడతాను.