లీష్మానియా కల్చర్‌లో జంటలు కనిపిస్తే అది లైంగిక ప్రత్యుత్పత్తేనా?

ప్రశ్న (కావలి): నెల్లూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతుండా. ప్రాజెక్టుకని హైదరాబాద్‌లో రెండు నెలలు లీష్మానియా (కాలా అజార్ లాంటి జబ్బులు తెచ్చే ఏకకణ పరాన్నజీవి) ప్రోమాస్టిగోట్లు, అంటే ముందువైపు కశాభం (కొరడాలాంటి పోగు) ఉండే దశ కణాలు, ఫ్లాస్కులో పెంచా. మూడో రోజు ఫ్లాస్కులో చాలా కణాలు రెండేసి వెనక కొసల దగ్గర అతుక్కోని, కశాభాలు చెరోవైపు ఆడిస్తా ఉండాయి. కొన్ని పువ్వుల్లా గుంపులు. ఫొటో కింద ‘లైంగిక ప్రత్యుత్పత్తి’ అని రాస్తే సారు ఎర్రపెన్నుతో సున్నా చుట్టి ‘రుజువు?’ అన్నారు. శుక్రవారం రిపోర్టు ఇయ్యాల. ఏం రాయమంటారు?

జవాబు (ఒంగోలు): తల్లీ, ఆ మాట కొట్టెయ్. ఇంటర్లో పారమీషియం సంయుగ్మం (రెండు కణాలు అతుక్కుని జన్యుపదార్థం మార్చుకోవడం) బొమ్మ గీసినవాళ్లకు ఏ జంటను చూసినా అదే తోస్తుంది. నువ్వు చూసింది ద్విధావిచ్ఛిత్తి (ఒకే కణం రెండుగా చీలడం) చివరి దశ. లీష్మానియా నిలువునా చీలుతుంది. చీలిక కశాభం వైపు మొదలై వెనక్కి వస్తుంది కాబట్టి, ఆఖర్న పిల్లకణాలు వెనక కొసతోనే పట్టుకుని ఉంటాయి. కల్చర్ జోరుగా పెరిగేటప్పుడు ఇవి కొల్లలు. ఆ పువ్వులు రోజెట్లు, కశాభాలు లోపలికి పెట్టి గుంపుకడతాయి. వాటిని బట్టి ఏమీ తేల్చలేం.

అట్లాగని లైంగిక కలయిక లేనే లేదని కూడా రాయొద్దు. 2009లో రెండు లీష్మానియా స్ట్రెయిన్లకు (ఒకే జాతిలో వేర్వేరు వంశాలు) చెరొక మందును తట్టుకునే జన్యువు పెట్టి, రెండిటినీ ఒకే శాండ్‌ఫ్లైలోకి (ఈ జీవిని మోసే చిన్న ఈగ) ఎక్కించారు. ఈగ పొట్టలోంచి రెండు మందులనూ తట్టుకునేవి బయటికొచ్చాయి, వాటి డీఎన్‌ఏలో ఇద్దరి గుర్తులూ ఉన్నాయి. 2022లో లీష్మానియా ట్రోపికా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా గామా కిరణాలు ప్రయోగించి డీఎన్‌ఏను దెబ్బతీస్తే ఫ్లాస్కులోనే సంకరాలు (రెండు స్ట్రెయిన్లు కలిసి పుట్టిన కణాలు) వచ్చాయి. అవీ అరుదుగానే.

కావలి: నా ఫ్లాస్కులో ఒకే స్ట్రెయిన్ మేడమ్. అవి కలిసుంటే కనిపెట్టలేమా?

ఒంగోలు: కనిపెట్టలేం. కవలలకు పుట్టిన బిడ్డలో ఎవరి పోలిక ఏదో ఎట్లా చెప్తావు? అందుకే రెండు స్ట్రెయిన్లు, రెండు మందులు.

గూడూరు: అమ్మాయ్, వీడియో తీసుంటే వెనక్కి తిప్పి చూడు. రెండొచ్చి కలిశాయా, ఒకటే రెండయిందా అన్నది అందులో తెలిసిపోద్ది. 1903లో డోనోవన్ అనే డాక్టరు ఈ జీవిని గుర్తించింది మన పక్కన మద్రాసులోనే, పరిచయంలో ఆ వాక్యం పెట్టు.

కావలి: వీడియో ఉంది, ఇప్పుడే చూశా. పదకొండు జంటల్లో అన్నీ ఒక్క కణం చీలి వచ్చినవే. ఫొటో కింద ‘విభజన చివరి దశలో ప్రోమాస్టిగోట్లు, మూడో రోజు’ అని మార్చేశా.