హార్డ్‌వేర్ డీకోడింగ్ పెడితే ఎర్ర అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా వస్తున్నాయి

వీడియో సంగతులు బాగా తెలిసినవాళ్ళు ఒకసారి ఇది చూడండి. లినక్స్ ల్యాప్‌టాప్‌లో 1080పీ హెచ్.264 వీడియోకి హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోని ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ చిప్ విప్పడం) ఆన్ చేస్తే, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తున్నాయి. ఎరుపు కూడా అక్షరం నుంచి కాస్త పక్కకి జరిగినట్టుంది. తెల్ల అక్షరాలకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సాఫ్ట్‌వేర్ డీకోడింగ్‌కి మారిస్తే అదే ఫ్రేమ్ నున్నగా వస్తుంది, కాకపోతే ఫ్యాన్ రొద భరించలేం.

ఫైల్ 4:2:0, అంటే రంగుని వెలుగు కన్నా తక్కువ వివరంగా దాచే పద్ధతి. వెలుగు 1920×1080లో ఉన్నా రంగు 960×540లోనే ఉంటుందని తెలుసు. కానీ రెండు పద్ధతుల్లోనూ ఫైల్ అదే కదా! కాబట్టి రంగుని మళ్ళీ పెద్దది చేసే దగ్గరే తేడా వస్తోందని నా అనుమానం. ఎంపీవీ ప్లేయర్‌లో సీస్కేల్‌ని (రంగుని పెద్దది చేసే పద్ధతిని ఎంచుకునే సెట్టింగ్) బైలీనియర్ నుంచి స్ప్లైన్36కి మార్చినా వెంట్రుకవాసి తేడా లేదు. డీకోడ్ అయిన ఫ్రేమ్‌ని మామూలు మెమరీలోకి కాపీ చేసే మోడ్ పెడితే సమస్య పోయింది గానీ, 4కే వీడియోలు ఆగి ఆగి ఆడుతున్నాయి.

అంటే ప్లేయర్ చేతికి వచ్చేలోపే డ్రైవర్ ఫ్రేమ్‌ని ఆర్‌జీబీగా (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలుగా) మార్చేస్తోందా? వచ్చేది ఎన్‌వీ12యో (వెలుగు, రంగు విడివిడిగా ఉండే 4:2:0 ఫార్మాట్) ఆర్‌జీబీయో ఎక్కడ చూడాలి? ఆ పక్కకి జరగడం, రంగు శాంపిల్ స్థానం ఎడమవైపు అనుకోవాల్సింది మధ్యలో అనుకోవడం వల్లేనా?

4:4:4లో (రంగుని తగ్గించకుండా) ఎన్‌కోడ్ చేసుకోమని మాత్రం చెప్పకండి. ఆ ప్రొఫైల్‌ని నా చిప్ డీకోడ్ చేయదు, భారమంతా మళ్ళీ ప్రాసెసర్ మీదే పడుతుంది.