మ్రోగినట్లా, మ్రోగునట్లా? వూహాన్ గంటల ముందు ఒక వేమన పాదం

పద్యప్రియ: వూహాన్‌లో హుబెయ్ ప్రాంతీయ మ్యూజియం. ప్రాచీన చీనాలోని జంగ్ రాజ్యాన్ని ఏలిన 'యీ' అనే ప్రభువు సమాధిలో 1978లో బయటపడ్డ 65 కంచు గంటలు మూడు వరుసల్లో వేలాడుతున్నాయి. వాటి ముందు నిలబడితే వేమన గుర్తురాక మానడు. కానీ పాదం ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతోంది. "కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా" అనా, "మ్రోగునట్లు" అనా? పాత ప్రతి దగ్గరున్నవారు చూసి చెప్పండి.

గణవిభజన: ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదండీ. కంచు, మ్రోగి, నట్లు మూడూ గలాలు. కనకంబు సలం, మ్రోగునా రగణం. గి తీసి గు పెట్టినా లెక్క మారదు, యతి ఎలాగూ కం–క మీద. అర్థం పట్టుకునే తేల్చాలి. నా ఓటు 'మ్రోగునట్లు'కే. 'మ్రోగు' ఉదంత తద్ధర్మార్థ విశేషణం, అచ్చు పరమైంది, నుగాగమం వచ్చింది, అంటే నడుమ 'న్' చేరింది. తద్ధర్మమంటే స్వభావం. పద్యం మాట్లాడేది అల్పుడి స్వభావం, సజ్జనుడి స్వభావం గురించే.

తాళపత్రం: ఒప్పుకోను. కంచు తనంతట తాను మ్రోగదు, కొడితే మ్రోగుతుంది. జరిగిన పనిని చెప్పే 'మ్రోగిన' ఉంటేనే ఆ దెబ్బ వినిపిస్తుంది. పాదం చివర 'మ్రోగునా' ఉంది గనక రాయసగాడి చెయ్యి ముందే అటు లాగి, 'గి' మీది గుడి కాస్తా 'గు' కొమ్ము అయి ఉంటుంది.

కంచుగంట: తాళపత్రం గారన్న దెబ్బ గురించి ఆ గంటలే చాలా చెబుతాయి. వాటి లోపల నాలుక ఉండదు. బయటినుంచే కొట్టాలి, చిన్నవాటిని కర్ర సుత్తితో, పెద్దవాటిని పొడవాటి దుంగతో. అడ్డకోత గుండ్రం కాదు, బాదంగింజ ఆకారం. అందుకే ఒక్కో గంటకు రెండు స్వరాలు. అడుగు అంచుకు నడిమధ్య కొడితే ఒకటి, పక్కకు జరిగి కొడితే, మొదటిదాన్ని 'స' అనుకుంటే 'గ' (సాధారణ గాంధారమో అంతర గాంధారమో) అయ్యే రెండోది. ఈ రెండు చోట్లకీ మధ్యలో తగిలిందంటే రెండూ కలగలిసి ఏదీ తేటగా పలకదు. గుండ్రటి గుడిగంట మోత చాలాసేపు సాగుతుంది, తర్వాతి స్వరం అందులో మునిగిపోతుంది. బాదంగింజ ఆకారంలో మోత త్వరగా అణిగిపోతుంది గనక వాటిమీద పాట వాయించవచ్చు.

లోహం పాలు కూడా చూడండి. తగరం సుమారు 12 నుంచి 15 శాతం, కొద్దిగా సీసం. తగరం తగ్గితే మోత మొద్దుబారుతుంది, పెరిగితే లోహం పెళుసెక్కి దెబ్బకు పగులుతుంది. సీసం మోతను అణచుతుంది. శ్రుతి కోసం లోపలి అంచును అరగదీశారు, ఆ గాడులు ఇప్పటికీ ఉన్నాయి. మోతాదు మించి అరగదీస్తే ఆ గంటను కరిగించి మళ్లీ పోతపోయాల్సిందే. ఇంత కొలతగా మోగే కంచును అల్పుడికి పోలిక చేయడం నాకు మింగుడుపడదు.

అచ్చతెనుగు: అసలు చిక్కు గి–గుల్లో లేదు, కనకంలో ఉంది. చీనాలో చౌ రాజవంశ కాలపు శాసనాల్లో కంచును 'చిన్' అన్నారు. మేలి చిన్ ఎంచి ఈ పాత్ర చేయించాను అని రాసుకునేవారు. తర్వాతి కాలంలో బంగారానికి స్థిరపడిన మాట అదే. తమిళ 'పొన్'కు కూడా బంగారంతో పాటు లోహం అనే అర్థం ఉంది. కొత్తగా పోసిన కంచు పసుపుపచ్చగా మెరుస్తుంది, మనం చూసే ఆకుపచ్చ మట్టిలో పడి ఉన్నందువల్ల పట్టింది. ఆ భాషలో ఈ పాదం నిలవదు, కంచే కనకం కదా!

కంచుగంట: ఆ చిన్ మీద ఇంకా తగువు ఉంది. 'కావ్‌గుంగ్‌చీ' అనే ప్రాచీన చీనా చేతిపనుల గ్రంథంలో గంటలకూ పాత్రలకూ ఇచ్చిన లెక్క ఆరు పాళ్ల చిన్‌కు ఒక పాలు తగరం. చిన్ అంటే రాగి అనుకుంటే తగరం ఏడో వంతు, అంటే 14.3 శాతం. మొత్తం మిశ్రమం అనుకుంటే ఆరో వంతు, 16.7. యీ ప్రభువు సమాధి గంటలు మొదటి అర్థానికే దగ్గర. పైగా వాటిలో చాలావాటి మీద స్వరాల పేర్లు బంగారం పొదిగి రాశారు. మోత కంచుది, దాని పేరు చెప్పేది కనకం.

గణవిభజన: బాగుంది గానీ, కంచును తక్కువ చేశాడని వేమన మీద నింద వేయకండి. మొదటి పాదంలోనే "ఆడంబరముగాను" అన్నాడు. సంస్కృతంలో ఆడంబరమంటే తూర్యరవం (వాద్యాల మోత), ఏనుగు గర్జన. డాబు అనే అర్థం తర్వాతిది. మొదటి పాదంలో ఎత్తుకున్న చప్పుడునే మూడో పాదంలో కంచుతో మోగించాడు. ఏ లోహం గొప్పదన్న పోటీయే లేదు అక్కడ.

తాళపత్రం: లోహాల పని తెలిసినవాడు వేమన. "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు" అన్నాడు, కంచు అనలేదు చూడండి. కొలిమిలో కాచి సుత్తితో కొట్టి అతకడం ఇనుముకే చెల్లుతుంది. కంచును అలా కొడితే ముక్కలవుతుంది.

కంచుగంట: అవును, అందుకే చీనా కంచరులు పగిలినచోట మట్టి అచ్చు కట్టి కొత్త కంచు పోశారు. పాత్రల లోపలివైపు చూస్తే ఆ అతుకులు తెలుస్తాయి. పిడులనూ చాలాచోట్ల విడిగా పోతపోసి ఒడలికి కలిపారు.

పద్యప్రియ: తాళపత్రం గారూ, 'ఇనుమారు'నా, 'ఇరుమారు'నా? రెండూ విన్నాను.

గణవిభజన: రెండూ సలమే. కానీ 'ఇనుమడి' ఉన్న భాషలో 'ఇనుమారు'ను దిద్దాల్సిన పనేముంది? పైగా 'ఇనుము' పక్కన 'ఇనుమారు' పడితేనే ఆ పాదానికి అందం.

తాళపత్రం: అందం కోసం పాఠం ఎంచుకుంటామా? 'ముమ్మారు' పక్కన సహజంగా వచ్చేది 'ఇరుమారే'.