‘సరౌండ్’లో ఉన్నది రౌండా, నీళ్లా?

కోవూరు రైతు: సరౌండ్ అనే ఇంగ్లీషు మాటకు పుట్టుకలో రౌండ్‌తో చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల, ‘సూపర్’ అంటే పైన. రెండూ కలిస్తే పొంగి పొర్లడం. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడూ ముంచెత్తడమనే అర్థం.

ఒంగోలు మాస్టారు: ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ని. చివరి ఐదు అక్షరాలు చూడండి. రౌండ్ కాదా అది?

కోవూరు రైతు: అక్కడే వచ్చింది చిక్కు. జనానికీ అలాగే కనబడి, 17వ శతాబ్దంలో అర్థాన్ని చుట్టుముట్టడం వైపు తిప్పేశారు. రౌండ్ వేరే మాట, చక్రమనే ‘రోటా’ నుంచి వచ్చింది. ఇనండేట్ (ముంచెత్తడం), అబండెన్స్ (సమృద్ధి) మాటల్లో ఉన్న అలే సరౌండ్‌లోనూ ఉంది.

కావలి కుర్రాడు: అయితే సరౌండ్ సౌండ్ అంటే శబ్దాల వరదన్నమాట. మా పక్కింటి పెళ్లిలో చూశాను.

ఒంగోలు మాస్టారు: నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. అందుకని వేరుసెనగ నూనె అనడం మానేశామా? ఇప్పటి వాడుకే అర్థం. 15వ శతాబ్దంతో మీకేం పని?

కోవూరు రైతు: పని ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి మా ఇంట్లో మంచం పట్టె దాకా నీళ్లొచ్చాయి. వడ్ల బస్తాలు మొలకలెత్తాయి. ఇంగ్లీషులో నింపిన వరద నష్టం జాబితాలో మా ఇంటి ఎదుట ‘సరౌండెడ్’ అని రాసి పోయారు. నీళ్లు చుట్టూ నిలిచాయి గానీ లోపలికి రాలేదట! సాయం లేదన్నారు.

ఒంగోలు మాస్టారు: ఆ గొడవ మొదటే చెప్పకూడదా? లాటిన్ చూపిస్తే డబ్బిస్తారా ఎవరైనా?

కోవూరు రైతు: డబ్బెవరు అడిగారు? రాని నీళ్లు వచ్చాయన్నానని ఊళ్లో నన్ను అబద్ధాలకోరును చేశారు. గోడ మీద బురద గీత ఇంకా ఉంది. పండక్కి కూడా దాని మీద సున్నం వేయనివ్వలేదు నేను.

పొర్లుకట్ట అక్క: అన్నా, మా ఇల్లు మునిగిందనే రాశారు. మాకూ సాయం రాలేదు.

ఒంగోలు మాస్టారు: ఆ గీత ఫొటో పెట్టండి, చూస్తాను.

కోవూరు రైతు: పెడతాను మాస్టారూ. ముందు సరౌండ్‌లో రౌండ్ లేదని ఒప్పుకోండి.

ఒంగోలు మాస్టారు: పుట్టుకలో లేదు. స్పెల్లింగులో ఉంది.