మిస్టర్ గోయెమోన్: బోర్డు మీద ఆడితేనే అసలు ఆటా?

పాతాట:
కొనామీ 1986లో ఆర్కేడ్లకి, అంటే నాణెం వేసి ఆడే యంత్రాలకి, తెచ్చిన ఆట ఇది. 1594లో క్యోటోలో కాగే కాగులో వేసి చంపిన గజదొంగ ఇషికావా గోయెమోన్ ఇందులో హీరో, చేతిలో పొగాకు పైపే ఆయుధం. పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపించే మేమ్ (MAME) ప్రోగ్రాంలో ఆడితే ఇది ఆడినట్టే కాదని, అసలు యంత్రంలోని సర్క్యూట్ బోర్డు మీదే ఆడాలని కొందరంటున్నారు. కారణాలు చెప్పండి.

టంకం:
నేను బోర్డు పక్షమే. బటన్ నొక్కడానికీ ట్యూబు (పాతకాలం సీఆర్‌టీ తెర) మీద బొమ్మ కదలడానికీ మధ్య వేరే ఏ యంత్రమూ ఉండదు. అయితే బోర్డును సరిగ్గా చూసుకోవాలి. 5 వోల్టులు సప్లై దగ్గర కాదు, చిప్ కాళ్ల దగ్గర కొలవండి. తీగ సన్నదైతే సప్లైలో 5 ఉన్నా బోర్డుకు 4.7 మాత్రమే అందుతుంది. 4.75 కింద ఆట రీసెట్ అవుతూ ఉండొచ్చు. అలాగని సప్లై పెంచుకుంటూ పోయి 5.25 దాటిస్తే బోర్డు మీది టీటీఎల్ లాజిక్ చిప్‌లకు ముప్పు. ముందు తీగ మార్చండి.

ఫ్రేములెక్క:
టంకం గారూ, జాగ్రత్తలన్నీ నిజమే. కానీ మేమ్‌లో జనం చూసే కుదుపు ఎమ్యులేషన్ (అసలు బోర్డును ప్రోగ్రాంతో అనుకరించడం) తప్పు కాదు. ఇది కొనామీదే మరో ఆట గ్రీన్ బెరెట్ కుటుంబపు బోర్డు: జెడ్80 ప్రాసెసర్, ధ్వనికి ఎస్‌ఎన్76489ఎ చిప్. తెర సెకనుకు సుమారు 60.6 సార్లు మారుతుంది. 60 హెర్ట్జ్ టీవీలో ప్రతి 1.65 సెకన్లకు ఒక ఫ్రేము (ఒక్కసారి చూపే బొమ్మ) ఎగిరిపోతుంది. పక్కకు జరిగే ఆట కాబట్టి అది కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆట వేగానికి తగ్గట్టు తానే మారే వేరియబుల్ రిఫ్రెష్ మానిటర్ ఉంటే సమస్యే లేదు. లేకపోతే మేమ్‌లో ఆటను తెర వేగానికి కట్టే సింక్‌రిఫ్రెష్ పెట్టండి, ఆట 1 శాతం నెమ్మదిస్తుంది, అంతే.

బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం సంగతి కూడా ఊహతో తేల్చొద్దు. మేమ్‌లో ఆట ఆపి, జంప్ బటన్ నొక్కి పట్టుకుని, షిఫ్ట్-పీతో ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. గోయెమోన్ ఎన్నో ఫ్రేములో కదిలాడో అందులోంచి ఒకటి తీసేస్తే, అది ఆటలోనే ఉన్న ఆలస్యం. రెట్రోఆర్క్ అనే మరో ప్రోగ్రాంలో ఆలస్యం తగ్గించడానికి ఆటను కొన్ని ఫ్రేములు ముందే నడిపే రన్-అహెడ్ ఆ లెక్క దాటితే కదలికల్లో మొదటి ఫ్రేములు మాయమవుతాయి.

చదరం:
బొమ్మ ఆకారం గురించి ఎవరూ మాట్లాడలేదు. 240×224 పిక్సెళ్లను 4:3 ట్యూబు మీద చూపేవారు, కాబట్టి పిక్సెల్ చదరం కాదు. 1080 గీతల తెర మీద అడ్డంగా 5 రెట్లు, నిలువుగా 4 రెట్లు పెడితే 1200×896 వస్తుంది, దాదాపు కచ్చితంగా 4:3. రెండువైపులా 4 పెడితే గోయెమోన్ బక్కచిక్కిపోతాడు.

టంకం:
కుదుపు విషయం ఒప్పుకుంటాను. కానీ ఎల్‌సీడీ ప్రతి ఫ్రేమునూ పూర్తి సమయం వెలిగించి ఉంచుతుంది, అందుకే స్క్రోల్‌లో అంచులు అలుక్కుపోతాయి. ట్యూబులో అది లేదు.

ఫ్రేములెక్క:
120 హెర్ట్జ్ మానిటర్‌లో మధ్యమధ్య నల్ల ఫ్రేము పెడితే అది చాలావరకు తగ్గుతుంది. వెలుగు సగమవుతుంది, గది చీకటి చేసుకోవాలి. నా మాట మాత్రం ఇదే: బోర్డు ఉన్నవాళ్లు ముందు ఈప్రామ్‌లను (ఆట ప్రోగ్రాం నిల్వ ఉన్న చిప్‌లను) రీడర్‌లో చదివి, డేటా సరిగ్గా ఉందో చెప్పే సంఖ్య చెక్‌సమ్‌ను మేమ్ జాబితాతో సరిచూడండి. ఆ చిప్‌ల గాజు కిటికీల మీద స్టిక్కర్లు ఊడితే వెంటనే అంటించండి, లేకపోతే అతినీలలోహిత కాంతికి డేటా చెరిగిపోవచ్చు. ఒక్క బిట్ చెడినా మీరు ఆడుతున్నది అసలు ఆట కాదు.