బడి ఆవరణలో పాత చెట్లు: ఇవన్నీ దొరలు తెచ్చినవేనా?

సైన్సు టీచర్, హనుమకొండ
మా బడి ఉన్నది నిజాం కాలపు పాత బంగళాలో. ఆవరణలో రెండు నిద్రగన్నేరు చెట్లు, ఒక ఎర్ర తురాయి ఉన్నాయి. వెనుక గోడ పొడవునా నాగజెముడు, దాన్ని కమ్మేసిన లంటానా. ‘అన్నీ ఇంగ్లీషు దొరల చెట్లు, కొట్టేసి వేప, కానుగ పెడదాం’ అని కమిటీలో ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు. వరంగల్ ఇంగ్లీషు పాలనలోనే లేదు కదా! పిల్లలకు ఏమని చెప్పాలి?

విశ్రాంత ఫారెస్టు రేంజరు, ములుగు
అమ్మా, ముందు ఆ పెద్దాయన చేతిలోని గొడ్డలిని లంటానా వైపు తిప్పండి. తురాయి, నిద్రగన్నేరు జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

పాలన నిజాముదే. కానీ హైదరాబాదులో ఇంగ్లీషు ప్రతినిధి ఉండే రెసిడెన్సీ, సికింద్రాబాదులో వాళ్ల సైన్యం ఉండే కంటోన్మెంటు ఉండేవి. దొరల తోటలో పూసింది తమ బంగళా ముందు కూడా పూయాలని మన అధికారులకు మాత్రం ఉండదా? తురాయి పుట్టిల్లు మడగాస్కర్, నిద్రగన్నేరుది దక్షిణ అమెరికా. నీడ ఇస్తున్నాయి, అడవిలోకి పాకి ఎవరి కొంపా ముంచలేదు. ఉండనివ్వండి.

లంటానా సంగతి వేరు. అమెరికా ఖండం నుంచి పూల అందానికని తెచ్చి కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ తోటలో నాటారు. పండ్లు పిట్టలు తింటాయి, గింజలు ఊరూరా పడతాయి. టేకు అడవిలో అది దట్టంగా కమ్ముకున్నచోట గడ్డి మొలవదు. పశువులు ఆ ఆకు తింటే జబ్బు పడతాయి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేల కింద వేరు మొదట్లో నరికి, పొదను తలకిందులుగా పడేయాలి. కాయ పండకముందే చేయండి.

ఇక నాగజెముడు. పిల్లలకు చెప్పాల్సిన అసలు కథ దానిదే. మెక్సికోలో ఈ జాతి మొక్కల మీద పెరిగే కొచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీసేవారు. ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. పట్టు, ఉన్ని బట్టలకు ఆ ఎరుపే కావాలి, అది మనమే పండిద్దామని కంపెనీకి ఆశ పుట్టింది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగులు తెచ్చాడు. తీరా చూస్తే అవి నాసిరకం! రంగు మెక్సికో సరుకుకు సాటిరాలేదు, పురుగులేమో ఒక రకం నాగజెముడును తినేశాయి. ఇంకో రకం పొలాలను ఆక్రమిస్తుంటే, 1926 ప్రాంతంలో సింహళం నుంచి మరో జాతి పురుగును తెచ్చి వదిలారు, ఈసారి రంగు కోసం కాదు, మొక్కను చంపడానికే.

జనగామ రైతు
వయ్యారిభామను మరిచిపోయారు సార్. అదీ దొరల పాపమే. మా చేనంతా అదే.

విశ్రాంత ఫారెస్టు రేంజరు, ములుగు
దాన్ని దొరల నెత్తిన రుద్దకండి తమ్ముడూ. మన దేశంలో దాన్ని పుణెలో గుర్తించింది 1955లో, స్వాతంత్ర్యం వచ్చాక. మీరు నిందించాల్సింది గుర్రపుడెక్కను. భద్రకాళి చెరువును ఇబ్బంది పెట్టిన ఆ మొక్క కూడా ఊదారంగు పూల సోకుకే దక్షిణ అమెరికా నుంచి బెంగాల్‌కు చేరింది. అక్కడ పడవలు కదలక, 1936లో దాని మీద ఏకంగా చట్టమే చేశారు.

ఇంకో మాట. దొరలు తెచ్చినవే కాదు, మన చెట్ల మీద వాళ్లు పెట్టిన కన్ను కూడా చెప్పాలి. సామర్లకోటలో కంపెనీ తోట బాధ్యత చూసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడ మిరియాలు పండించాలని చూశాడు, చుట్టుపక్కల మొక్కలకు మన చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. మన ఏటూరునాగారంలో వేసవిలో కోసే తునికాకు ఉందే, ఆ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. తెల్లమద్దికీ అంతే. ఆ బొమ్మలు గీసినవాళ్ల పేర్లు మాత్రం చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సైన్సు టీచర్, హనుమకొండ
రేంజరు గారూ, మీ జవాబు కమిటీలో చదివి వినిపించాను. లంటానా తీయడానికి పెద్దాయన సరేనన్నారు, తురాయి మీద ఇంకా మెత్తబడలేదు. మా నాగజెముడు మీద అక్కడక్కడ తెల్లటి దూదిలాంటిది అంటుకుని ఉంది. అదేమైనా తెగులా?

విశ్రాంత ఫారెస్టు రేంజరు, ములుగు
తెగులు కాదమ్మా, ఆ కొచినీల్ పురుగు బంధువే అయి ఉండాలి. పుల్లతో కొంచెం గీకి తెల్ల కాగితం మీద నలపండి, ఎర్రగా అంటితే అదే. పిల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి. పెద్ద ముళ్లు కనబడతాయి గానీ, వాటి మొదట్లో ఉండే నూగు ముళ్లు చర్మంలో దిగితే తీయడం కష్టం. తోలు చేతితొడుగులు వేసుకుని మీరే చేసి చూపించండి. పెద్దాయన్నీ పిలవండి.