ఒకే కౌంటర్, రెండు రకాల టోకెన్లు: మామూలు వరుసలో వాళ్ల ఎదురుచూపు తగ్గించడం ఎలా?

అందరికీ నమస్కారం. మా దగ్గర కౌంటర్ ఒక్కటే. గంటకు సగటున 3 అర్జంట్ టోకెన్లు, 6 మామూలువి వస్తాయి. ఒక్కొక్కరికి సగటున 6 నిమిషాలు పడుతుంది. ఒకరి పని మొదలుపెడితే మధ్యలో ఆపం, కానీ తర్వాతి పిలుపు ఎప్పుడూ అర్జంట్ వాళ్లకే.

రాకలు పాయిసాన్ (ఒకరి రాకతో ఇంకొకరికి సంబంధం లేకుండా ఎప్పుడంటే అప్పుడు వస్తారు) అని, సర్వీసు సమయం ఎక్స్‌పోనెన్షియల్ (చాలామందికి కొద్దిసేపు, కొద్దిమందికి చాలాసేపు) అని అనుకుని, ఇలా కొందరిని ముందు పిలిచే క్యూలలో సగటు ఎదురుచూపు చెప్పే 1954 నాటి కోబం సూత్రంతో లెక్క కట్టాను. అర్జంట్ వాళ్లకు సగటు ఎదురుచూపు దాదాపు 7.7 నిమిషాలు, మామూలు వాళ్లకు 77! వచ్చిన వరుసలోనే పిలిస్తే అందరికీ 54. మొన్న ఒకావిడ, తన తర్వాత వచ్చిన నలుగురు ముందు వెళ్లడం చూసి, టోకెన్ మడిచి బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయారు. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు.

కౌంటర్ వేగం పెరగకపోతే ఒకరికి తగ్గించింది ఇంకొకరి మీద పడుతుందని తెలుసు. అందుకే క్యూల మీద పరిశోధన చేసిన క్లైన్‌రాక్ 1964లో చెప్పిన పద్ధతి చూస్తున్నాను: ఆగే కొద్దీ ప్రతి ఒక్కరికీ పాయింట్లు పెరుగుతాయి, అర్జంట్ వాళ్లకు త్వరగా, మామూలు వాళ్లకు నెమ్మదిగా. ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్లనే పిలవాలి.

ఈ రెండు వేగాల నిష్పత్తి ఎలా ఎంచుకోవాలి? అర్జంట్ వాళ్లలో నూటికి 90 మంది 30 నిమిషాల లోపే లోపలికి వెళ్లాలి. సగటుకు సూత్రం ఉంది, ఈ 90 శాతం లెక్కకు సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో క్యూని నమూనాగా నడిపి చూడడం) తప్పదా? నిజంగా అమలు చేసినవాళ్లు ఉంటే, ఏ నిష్పత్తితో మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.